మరక చూసి... కనుమ ఎక్కాలి!

రాజంపేటకు పడమర పాలకొండలు, శేషాచలం. తూర్పున వెలిగొండలు. మధ్యలో చెయ్యేరు. ఊరు దాటి కొండ వైపు మళ్లితే చాలు... తారురోడ్డు మట్టిబాటవుతుంది, మట్టిబాట రాళ్లబాటవుతుంది. అది కాస్తా ఏ వంకలోకో దిగి ఇసుకలో కలిసిపోతుంది. ఇలాంటి దారుల్లో తిరిగే జీపులు నిలిపిన చోటల్లా ఏదో ఒక గుర్తు వదిలి వెళ్తుంటాయి. నల్లటి చుక్క, పచ్చటి మరక, ఎర్రటి చార... తెలియనివాళ్లకు అదంతా మురికి. తెలిసినవాళ్లకు బండి జాతకం! అందుకే అనుభవమున్న డ్రైవరు కొండదారి పట్టేముందు స్టీరింగు దగ్గరకు పోడు. ముందు వంగి బండి కింద నేలను చూస్తాడు.

జీపు సీమ

కడప - రేణిగుంట రహదారి మీద వెళ్లేవాళ్లకు రాజంపేట అనగానే గుర్తొచ్చేది బోయనపల్లి దగ్గర నిలబడ్డ 108 అడుగుల అన్నమయ్య విగ్రహం. పదకవితా పితామహుడు 1408లో పుట్టిన తాళ్లపాక ఇక్కడికి దగ్గరే. ఆయన కొండకు నడిచి వెళ్లాడని చెప్పే పాత కాలిబాట మామండూరు మీదుగా అడవిలోంచి తిరుమలకు సాగుతుంది. నందలూరులో సౌమ్యనాథుడు, చెయ్యేటి ఒడ్డున అత్తిరాల పరశురాముడు... యాత్రికులకు ఈ దారి కొత్త కాదు.

రహదారి వదిలి లోపలికి వెళ్తే కనిపించే రాజంపేట వేరు. ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిపాటి నేలల్లో ఈ కొండలు ముఖ్యమైనవి. తూర్పు కనుమల దక్షిణ కొసలో తప్ప ఆ చెట్టు అడవి మరెక్కడా లేదు. దాన్ని కాపాడేందుకు అటవీ సిబ్బంది రాత్రీ పగలూ తిరగాల్సిందే. మరోపక్క ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట ముగ్గురాయి గనులు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదమిశ్రమం బరువెక్కాలంటే ఈ రాయి పొడే కావాలి. ఇటు కోడూరు వైపు మామిడి, అరటి, బొప్పాయి తోటలు. గని, అడవి, తోట... మూడింటికీ కావాల్సింది ఒక్కటే. రాయి మీద, ఇసుకలో, బురదలో నడిచే బండి!

మనదేశంలో ఆ బండికి మారుపేరు జీపు. 1947లో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలైన మహీంద్రా ప్రయాణం మేజర్, కమాండర్, మార్షల్‌ల మీదుగా 2000లో బొలెరోకు, 2010లో థార్‌కు చేరింది. పేర్లు మారినా, ఏసీలొచ్చినా, ఫోర్ వీల్ బండి కడుపులో ఉండే సరంజామా దాదాపు అదే. ఇంజిను, గేరుబాక్సు, దాని వెనకాల నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందొక డిఫరెన్షియల్, వెనకొక డిఫరెన్షియల్. మామూలు కారుకంటే రెండు పెట్టెలు ఎక్కువ. పెట్టె ఎక్కువైతే ఆయిల్ సీళ్లూ, ప్యాకింగులూ ఎక్కువ. అంటే కారే చోట్లూ ఎక్కువే! ‘జీపు నుంచి ఆయిల్ కారడం ఆగిందంటే లోపల ఆయిల్ అయిపోయినట్టే’ అని డ్రైవర్లు నవ్వుకునేది అందుకే. ఆ జోకును నమ్మి, కారడం మామూలేలే అని వదిలేస్తేనే అసలు ముప్పు.

రంగు... వాసన... జిగురు

బండి కింద ఏం పడిందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక పాత అట్టపెట్టె చాలు. సాయంత్రం బండిని చదునైన నేలమీద నిలిపి, కింద తెల్లటి అట్టగానీ పాత పేపర్లుగానీ పరవాలి. ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి. నాలుగు చక్రాలు ఎక్కడున్నాయో అట్టమీద పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. తెల్లారి చూస్తే మరక రంగూ తెలుస్తుంది, పడిన చోటూ తెలుస్తుంది.

నల్లగా, జారుడుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసినా కొద్దిరోజులకే మసి కలిసి నల్లబడుతుంది. తేనెరంగులోనో గోధుమరంగులోనో ఉండి, చిక్కగా, ముక్కు దగ్గర పెట్టుకోగానే గంధకం ఘాటు కొడితే అది గేరు ఆయిల్. ఒకసారి పీల్చినవాళ్లు ఆ వాసన మరిచిపోరు. ఎర్రగా, పల్చగా ఉంటే పవర్ స్టీరింగ్ ఆయిల్ కావచ్చు, ఆటోమేటిక్ బండ్లలో గేరుబాక్సు ఆయిల్ కావచ్చు. ఆకుపచ్చగానో గులాబీరంగులోనో ఉండి కాస్త తియ్యటి వాసన వేస్తే రేడియేటర్ కూలెంట్. నీళ్లమీద సింగిడి రంగులు తేలుతూ వాసనే ముందుగా పట్టిచ్చేది డీజిల్. ఏసీ వేసుకుని వచ్చిన బండి కింద పడే తేటనీళ్లకు మాత్రం కంగారు పడనక్కర్లేదు. అది గాలిలోని తేమే.

ఇక అన్నిటికంటే మోసకారి బ్రేక్ ఆయిల్. కొత్తదైతే నీళ్లలా తేటగా, లేత పసుపుగా ఉంటుంది. పాతదైతే టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. మరక చిన్నది, రంగు తక్కువ. అందుకే కంటికి ఆనదు. కానీ బండి పెయింటు మీద పడితే పెయింటునే తినేస్తుంది.

చక్రం లోపలి వైపు తడి కనిపించినప్పుడు అసలు చిక్కు వస్తుంది. అది డ్రమ్ములోని వీలు సిలిండరు నుంచి కారిన బ్రేక్ ఆయిలా? హౌసింగు చివర ఆయిల్ సీలు పోయి వచ్చిన గేరు ఆయిలా? దీనికో సులువైన పరీక్ష ఉంది. ఒక గ్లాసు నీళ్లు తీసుకుని ఆ తడిని రెండుచుక్కలు వేయాలి. నీళ్లలో కలిసి మాయమైతే బ్రేక్ ఆయిల్. మనదగ్గర వాడే డాట్-3, డాట్-4 రకాలు నీళ్లలో కలిసిపోతాయి. పైన తెప్పలా తేలితే గేరు ఆయిల్. ఏది కారినా ఆ తడి బ్రేకు లైనర్లకు అంటితే చక్రం సరిగా పట్టదు. కాబట్టి జవాబు ఏదైనా డ్రమ్ము విప్పాల్సిందే.

దుమ్మే సాక్షి

చుక్క పడిన చోటుకు నేరుగా పైనే లోపముంటుందని అనుకుంటే పొరపాటు. బండి నడుస్తున్నప్పుడు గాలి వెనక్కి తోస్తుంది. ముందు కారిన ఆయిల్ వెనకదాకా పాకుతుంది. అందుకే మెకానిక్‌లు తడిసిన భాగాల్లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటు కోసం వెతుకుతారు. దొంగ అక్కడే ఉంటాడు!

ఈ వెతుకులాటలో సీమ దుమ్ము సాయపడుతుంది. మట్టిబాటల మీదా, గనుల దారుల్లోనూ తిరిగిన బండి అడుగంతా తెల్లగా, ఎర్రగా పొడిబారి ఉంటుంది. ఆయిల్ చెమ్మ ఉన్నచోట మాత్రం దుమ్ము అంటుకుని నల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు మందంగా, ఎండిపోయి ఉంటే అది పాత జబ్బు. పెచ్చు మధ్యలోంచి తడి మెరుస్తుంటే జబ్బు ఇప్పుడు నడుస్తోందని లెక్క.

అయినా తేలకపోతే అడుగుభాగాన్ని డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, అనుమానమున్న చోట ముఖానికి రాసే పౌడర్ చల్లుతారు. ఓ పదికిలోమీటర్లు తిప్పి తెచ్చి చూస్తే తెల్లటి పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో కనబడుతుంది. పట్నాల్లోని పెద్ద వర్క్‌షాపుల్లో ఇదే పనికి ఆయిల్లో రంగుద్రవం కలిపి నీలికాంతి లైటు వేసి చూస్తారు. కిటుకు ఒకటే, ఖర్చే తేడా.

ఎక్కడ కారితే ఏమిటన్నదీ చూడాలి. ఇంజిను ముందుభాగంలో తడి ఉంటే ముందు ఆయిల్ సీలు, చాంబరు ప్యాకింగు, ఫిల్టరు చూడాలి. ఇంజినూ గేరుబాక్సూ కలిసేచోట, క్లచ్ హౌసింగు కింది రంధ్రం నుంచి చుక్కలు పడుతుంటే వాసన చూడటమే మార్గం. మసివాసనైతే ఇంజిను వెనక సీలు. గంధకం వాసనైతే గేరుబాక్సు ముందు సీలు. రెండిటికీ గేరుబాక్సు దించాలి గానీ, ఏది పోయిందో తెలియకుండా దించితే రెండోసారీ దించాల్సి వస్తుంది. డిఫరెన్షియల్ మొహం మీద, షాఫ్టు వచ్చి కలిసే చోట గుండ్రంగా ఆయిల్ చిమ్మినట్టుంటే పినియన్ సీలు పోయినట్టు. వాటర్ పంపు అడుగున సన్నటి రంధ్రం నుంచి కూలెంట్ కారుతుంటే లోపలి సీలు అరిగిందని పంపే చెబుతోందన్నమాట. ఆ రంధ్రాన్ని పెట్టిందే అందుకు. దాన్ని మూసేయాలని చూసేవాళ్లూ ఉన్నారు!

అన్నీ నిజమైన లీకులే అనుకోనక్కర్లేదు. ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టరు నుంచి ఒలికింది చాసిస్ మీద నిలిచి రెండుమూడు రోజులు చుక్కలుగా పడుతూనే ఉంటుంది. ముందు తుడిచి, తర్వాత అనుమానించాలి.

ఏరు దాటిన బండి

చెయ్యేటికి పురాణంలో బాహుదా అని పేరు. చేతులు పోగొట్టుకున్న లిఖితుడు ఈ నీళ్లలో మునిగి మళ్లీ చేతులు పొందాడని స్థలకథ. ఏడాదిలో ఎక్కువరోజులు ఇసుకగానే కనిపించే ఈ ఏరు, వానాకాలంలో దాని వంకలూ జీపులకు మాత్రం అంత దయ చూపవు.

ఎండలో గంటసేపు కొండ దిగి వచ్చిన బండికి డిఫరెన్షియల్ హౌసింగులు చేయిపెట్టలేనంత కాగి ఉంటాయి. అలాంటి బండిని ఒక్కసారిగా నీళ్లలో దింపితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి హౌసింగు బయటినుంచి ఏది దొరికితే అది పీల్చుకుంటుంది. మామూలుగా అయితే బ్రీదర్ అనే చిన్న ఊపిరిగొట్టం గుండా గాలి వెళ్తుంది. గొట్టం నీళ్లలో మునిగితే నీళ్లే లోపలికి వెళ్తాయి. బురదతో మూసుకుపోతే అరిగిన సీలు అంచులోంచి దూరతాయి. ఆ బ్రీదరే మరో తంటా కూడా తెస్తుంది. అది మూసుకున్న బండి రోడ్డుమీద వేడెక్కితే లోపలి ఒత్తిడి బయటికి పోయే దారిలేక మంచి సీలును కూడా తోసుకుని ఆయిల్‌ను కక్కిస్తుంది. సీలు మార్చినా మళ్లీ కారుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. రూపాయి ఖర్చులేకుండా బ్రీదర్ శుభ్రం చేస్తే పోయేదానికి సీళ్లమీద సీళ్లు మారుస్తుంటారు.

ఏరు దాటేముందు పదినిమిషాలు బండిని ఆపి చల్లార్చడం, దాటాక మర్నాడైనా డిఫరెన్షియల్ ఆయిల్ చూడటం మంచిది. బండి రాత్రంతా కదలకుండా ఉంటే లోపల చేరిన నీళ్లు అడుక్కు దిగుతాయి. కింది బోల్టు కాస్త వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే మాత్రం అప్పటికే రెండూ కలిసి చిలికినట్టు. మొత్తం తీసేసి కొత్తది పోయాల్సిందే. లేదంటే బేరింగులు తుప్పుపట్టి ఏ అడవి మధ్యలోనో మొరాయిస్తాయి. ఇంజిన్ గేజీ కడ్డీ మీద ఇదే కాఫీరంగు కనబడితే ఇంకా ప్రమాదం. ఏటినీళ్లయినా లోపలికి వెళ్లాయి, హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంటయినా కలిసింది. స్టార్టు చేయకుండా షెడ్డుకు లాక్కెళ్లడమే మేలు.

ఈ పాఠం రాజంపేట వైపు పల్లెలు పెద్దమూల్యం చెల్లించి నేర్చుకున్నాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట, గుండ్లూరులను నీళ్లు ముంచెత్తాయి. పదులసంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆర్టీసీ బస్సులు కూడా వరదలో చిక్కుకున్నాయి. పొలాల మీద ఇసుక మేటలు వేసింది. ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్న మాట ఆ తర్వాత పార్లమెంటుదాకా వెళ్లింది. వరద అంత పెద్దది. అయినా, పనిచేయాల్సిన వేళకు పనిచేయని ఒక గేటు ఎంత బరువైనదో ఈ ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బండి విషయంలోనూ బాగుచేయించాల్సింది వాన రాకముందే, కొండ ఎక్కకముందే.

కనుమ దిగేటప్పుడు...

రాజంపేట నుంచి రాయచోటి వైపు వెళ్లాలంటే కొండలు దాటాలి. ఎక్కేటప్పుడు పరీక్ష ఇంజినుకూ రేడియేటర్‌కూ. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, పైన ఎక్కుడు. కూలెంట్ కొద్దిగా తగ్గినా సూది ఎర్రగీత వైపు పరుగెడుతుంది. అప్పుడు చేయకూడని పని ఒకటే. కాగుతున్న రేడియేటర్ మూత తీయడం. లోపల ఒత్తిడితో ఉన్న నీళ్లు ఎగజిమ్మి మొహం, చేతులు కాలిపోతాయి. ఇంజిన్ ఆపి, నీడలో అరగంట ఆగి, మూతను ముట్టుకోగలిగినప్పుడే గుడ్డతో పట్టుకుని తీయాలి.

దిగేటప్పుడు పరీక్ష మనుషులకు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. కొత్త డాట్-3 ఆయిల్ మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు ఉండాలి. తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలే. డాట్-4కు 230, తేమ పట్టాక 155. గుంతలో తేమ చేరితే నీళ్లు చెమ్మగిలినట్టు, కారే జాయింటు ఉన్న బ్రేకు లైనులో తేమకు, గాలికి దారి దొరుకుతుంది. దిగుడులో బ్రేకు మీదే కాలుంచితే డ్రమ్ములు కాగుతాయి. ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే నొక్కుకుంటుంది, ఆయిల్‌లా ఒత్తిడిని చక్రందాకా మోయదు. పెడల్ నేలకంటా దిగిపోతుంది, బండి ఆగదు. కొత్త బండ్లలో బ్రేకులకు రెండు వేర్వేరు లైన్లుంటాయి. ఒకటి పోయినా మరొకటి కొంత ఆదుకుంటుంది. బాగా పాత జీపుల్లో లైను ఒక్కటే. ఒక్క వీలు సిలిండరు చిట్లితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి.

అందుకే ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. ఫోర్ వీల్ బండిలో లో-గేరు ఉంది కాబట్టి ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకుకు పని తగ్గుతుంది.

ఆగాలా... వెళ్లొచ్చా?

ప్రతి తడికీ ప్రయాణం మానుకోనక్కర్లేదు. దానికీ ఓ లెక్క ఉంది. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుందాం. నిమిషానికో చుక్క కారితే రోజుకు 1440 చుక్కలు. అంటే 72 మిల్లీలీటర్లు. రెండువారాలకు ఓ లీటరు. ఇంజిన్ ఆయిలైతే డబ్బా వెంట పెట్టుకుని, గేజీ చూసుకుంటూ వెళ్లిరావచ్చు. అదే సెకనుకో చుక్కయితే రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. చాంబరు ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు. పైగా నిలిపిన బండి కంటే నడిచే బండి ఎక్కువ కారుతుంది. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, పంపు దాన్ని తోస్తుంటుంది. కాబట్టి అట్టమీది లెక్కను తక్కువ లెక్కగానే చూడాలి.

పైకి చెమ్మలా ఉండి చుక్క కట్టని గేరు ఆయిల్ తడిని గుర్తుపెట్టుకుని, వచ్చాక చూపించొచ్చు. కూలెంట్ కారుతుంటే హోసు క్లిప్పు బిగిస్తే ఆగిందా, లేదా చూసుకున్నాకే కదలాలి. డీజిల్, పెట్రోల్ కారుతుంటే బండి దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు, లీకు ఆగకుండా కదలకూడదు.

బ్రేక్ ఆయిల్‌కు మాత్రం ఇలాంటి లెక్కలేవీ లేవు. ఒక్క చుక్క కారినా బండి అక్కడే ఆగాలి. డబ్బాలో మట్టం తగ్గింది కానీ బయట ఎక్కడా తడి లేదంటే డిస్కు ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. అవి అరిగేకొద్దీ మట్టం కొద్దిగా దిగడం సహజం. అయినా అది కూడా మెకానిక్ చూసి చెప్పాల్సిన మాటే. పైన పోసుకుంటూ పోదాం అన్న ధైర్యం కనుమలో పనికిరాదు.

కారిన ఆయిల్ ఎక్కడికి పోతుందన్నది కూడా ఆలోచించాలి. వంకలో పడిన ఆయిల్ పల్చటి పొరై నీళ్లమీద పరుచుకుంటుంది. వేసవిలో అడవి జంతువులకు ఆ మడుగులే దిక్కు. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలంలోకి కారుతున్న బండితో వెళ్లడం మనకే కాదు, అడవికీ చేటే. దారిలో మరమ్మతు చేయాల్సి వస్తే కింద ఓ రేకు డబ్బా పెట్టి, పట్టిన ఆయిల్‌ను ఊరికి తిరిగి తేవాలి.

ఎలా వెళ్లాలి?

రాజంపేట కడపకు 50 కిలోమీటర్లకు కాస్త పైన, తిరుపతికి 90 కిలోమీటర్ల లోపు ఉంటుంది. రెండు ఊళ్ల నుంచీ బస్సులున్నాయి. గుంతకల్లు - రేణిగుంట రైలుమార్గంలో స్టేషనుంది. తాళ్లపాక, నందలూరు, అత్తిరాల ఒకేరోజులో చూసిరావచ్చు, వాటికి మామూలు కారే చాలు. ఎర్రచందనం అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. వానాకాలంలో చెయ్యేటి వంకలు దాటేముందు నీటిమట్టం గురించి స్థానికులను అడగాలి. సొంత జీపులో వచ్చేవాళ్లు వెంట తెచ్చుకోవాల్సినవి పెద్దగా లేవు... ఓ లీటరు ఇంజిన్ ఆయిల్, కూలెంట్ డబ్బా, మూత విప్పని బ్రేక్ ఆయిల్ సీసా, నాలుగు హోసు క్లిప్పులు, గుడ్డపేలికలు, టార్చిలైటు. ఇంకా, రాత్రి బండి కింద పరవడానికి ఓ పాత పేపరు. చదవడం అయిపోయాక ఇదే పనికొస్తుంది!